సోములమ్మకి తక్కువైన అయిదు శాతం

"ఈ రాష్ట్రంలో ఇకమీదట ఏ వికలాంగుడూ తనకెంత వస్తుందో తెలియకుండా నిద్రపోడు!" అని అవగాహన శాఖ మంత్రి శివకుమార్‌గారు మా కొండపుట్టు సెంటర్లో ప్రకటించినప్పుడు మొట్టమొదట చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. ఈ సంగతి పత్రికలవాళ్లు రాయలేదు. అందుకని నేను రాసుకుంటున్నాను.

నా పేరు గంగరాజు. కొండపుట్టు బస్టాండు పక్కన నాకు జిరాక్సు కొట్టుంది. కొండపుట్టు ఎక్కడంటే, ముంచింగిపుట్టు దాటి ఇంకా పోయి, ఇక రోడ్డు లేదనుకున్నాక ఇంకాస్త పోవాలి. ప్రభుత్వంవారు పథకం పెడితే మూడు కాపీలు అడుగుతారు. తీసేస్తే తీసేసినట్టు మళ్లీ మూడు కాపీలు అడుగుతారు. అందుచేత ప్రభుత్వాన్ని నాలా మనస్ఫూర్తిగా ప్రేమించే పౌరుడు పాడేరు నుంచి ఒడిశా బోర్డరు దాకా వెతికినా దొరకడు.

మంత్రిగారు ఆ నెల నుంచే పాత పింఛన్లన్నీ ఆపించేశారు. ఎందుకాపారో ఎంతో ఓపిగ్గా వివరించారు కూడా. "ఎంత రావాలో తెలియకుండా తీసుకునేది పింఛను కాదమ్మా, పొరపాటు! ముందు తెలుసుకోండి. తరవాత తీసుకుందురుగాని!" ఇంత సూటిగా ఆలోచించే మనిషి మనకి మంత్రి కావడం మన అదృష్టం.

తెలుసుకోడానికి ఒక యంత్రం కూడా తెచ్చారు. ఏటీఎంలా ఉంటుంది, నీలం రంగు, పేరు 'నీకెంత?'. కరెంటు నా కొట్లోంచి ఇచ్చారు, కాబట్టి అది నా కొట్టు ముందే వెలిసింది. సదరం సర్టిఫికెట్టని డాక్టర్లు ఒకటిస్తారు కదా, ఒంట్లో లోపం ఎన్ని శాతముందో రాసి? దాని నంబరు కొడితే చాలు, ఎంత వస్తుందో చీటీ మీద అచ్చేసి చేతికిస్తుంది. నలభై శాతం ఉంటేనే అర్హులు. మంత్రిగారు ప్రారంభోత్సవంగా ఒక మీట నొక్కారు. యంత్రం "స్వాగతం" అని చీటీ ఇచ్చింది. ఆ చీటీకి ఫ్రేము కట్టించారు.

లైన్లో మొదటి మనిషి సోములమ్మ.

సోములమ్మది కొండ మీద పనసగుమ్మి. మూడేళ్ల కిందట ఘాట్లో సర్వీసు జీపు పల్టీ కొట్టి కుడిచేతి మూడు వేళ్లు బిగుసుకుపోయాయి. కాఫీ పళ్లు కోయడానికి వేళ్లు కావాలి. మునుపు ఇద్దరు మనుషుల కోత కోసేది, ఇప్పుడు సగం మనిషి కోత కూడా కష్టం. సొంతానికి అరెకరం కాఫీ తోటుంది. దాని మూడేళ్ల పంట మొత్తం చెట్టు మీదుండగానే కొనేస్తానని షావుకారు భాస్కరరావు వెంటపడుతున్నాడు. వచ్చే నెల కాక ఆపై నెల మొదటి సంత దాకా ఆమెకి గడువిచ్చాడు.

"ఎంతొత్తాదో తెలిస్తే సాలు బాబూ," అంది నాతో. "ఇల్లు గడిసిపోద్దంటే తోట ఇవ్వను. గడవదంటే ఇచ్చెత్తాను. తెలవకుండా ఏటి సెప్పాల ఆ సావుకారికి?"

మంత్రిగారి ఆశయమూ, సోములమ్మ అవసరమూ అచ్చం ఒకటే కావడం చూసి నాకు ఒళ్లు పులకరించింది. నంబరు నేనే కొట్టిపెట్టాను. యంత్రం కాసేపు గుర్రుమని చీటీ వదిలింది.

"మీ శాతం 35. మీకు 5 శాతం తక్కువగా ఉన్నది. దయచేసి సమకూర్చుకుని మళ్లీ రండి. ధన్యవాదములు."

"అంటే ఏటి బాబూ?"

"ఇంకో అయిదు తెచ్చుకోవాలమ్మా," అన్నాను. ఉన్నదున్నట్టు చదివాను, నా తప్పేమీ లేదు.

"అయిదేనా!" అని సోములమ్మ ఊపిరి పీల్చుకుంది. "పదో పరకో అంటాదని బయపడినాను."

ఆమె వెనకే భీముణ్ణి డోలీలో మోసుకొచ్చారు. వాళ్ల ఊరివాడే. జీలుగు చెట్టెక్కి కల్లు దించుతూ పడ్డాడు, రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. అతని చీటీలో ఇలా వచ్చింది: "మీ శాతం 80. కావలసినది 40. మీరు అర్హులు. ఎంత అన్నది త్వరలో తెలియజేయబడును."

భీముడు డోలీలో పడుకునే లెక్క వేశాడు. "నలబయ్యే గదా కావాల్సింది? నా కాడ ఎనబై ఉన్నాయి. మిగతా నలబై నానేటి సేసుకుంతాను? సెల్లీ, అయిదు నువ్వట్టుకెళ్లు."

ఇక్కడ పనసగుమ్మివాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. చైత్రంలో ఇటుకల పండక్కి మగవాళ్లు వేటకెళతారు. దొరికిన మాంసం అడ్డాకుల మీద కుప్పలు పెట్టి ఇంటికో వాటా పంచుతారు. వేటకి రాలేని ముసలాళ్లకీ, మంచం పట్టినవాడికీ, మొన్న పుట్టిన పసివాడికీ వాటా ఉంటుంది. ఎవరి కుప్పలోనైనా ముక్క తక్కువైతే పక్క కుప్పలోంచి తీసి వేస్తారు. దీనికి వాళ్లు ధన్యవాదాలు కూడా చెప్పుకోరు. అలాంటి ఊరికి వెళ్లి ఒకరి దగ్గర ముప్పై అయిదూ, ఇంకొకరి దగ్గర ఎనభైయ్యీ ఉన్నాయని చెబితే ఏమవుతుందో అదే అయింది.

ఆ వారంలోనే ఊరంతా కూర్చున్నారు. ఊరిపెద్ద మంగ్లు తీర్మానం చెప్పాడు, చదువుకున్న ఫల్గుణ కాగితం మీద పెట్టాడు. "భీముడు తన ఎనభైలో అయిదు శాతం సోములమ్మకు ఇష్టపూర్వకంగా ఇచ్చినాడు. దీనికి ఊరు సాక్షి." కింద నలభై ఒక్క వేలిముద్రలు. నేను మూడు కాపీలు తీసి, అంత మంచి కాగితం తడిసిపోకూడదని లామినేషన్ కూడా చేశాను.

పథకం ప్రత్యేకాధికారి సీతామహాలక్ష్మిగారు ఆ కాగితం ముందువైపు రెండుసార్లు చదివారు, తిప్పి వెనక ఏమైనా ఉందేమోనని చూశారు. ఇంకొకరైతే నవ్వి పంపేసేవారు. ఆవిడ అలాంటి మనిషి కాదు. రూల్సు పుస్తకం తీసి రెండు రోజులు చదివారు.

"శాతం బదిలీ చెయ్యొచ్చని ఎక్కడా లేదు," అన్నారు. "చెయ్యకూడదని కూడా ఎక్కడా లేదు."

"అయితే చెయ్యొచ్చాండీ?" అన్నాను.

"చెయ్యొచ్చో లేదో పైకి రాసి అడగొచ్చని మాత్రం ఉంది," అని పైకి రాశారు.

ఫైలు కొండ దిగిన తొమ్మిదో రోజున మంత్రిగారు వీడియోలోకి వచ్చారు. మాకు సిగ్నలు అంతంతమాత్రం కాబట్టి ఆయన ముఖం ముక్కలుముక్కలుగా కనిపించింది గానీ ఆనందం మాత్రం పూర్తిగా తెలిసింది.

"సీతామహాలక్ష్మిగారూ, ఇన్నేళ్లుగా ప్రభుత్వం పేదవాడికి ఎలా ఇవ్వాలా అని తల బద్దలు కొట్టుకుంటోంది. పేదవాడు పేదవాడికి ఇచ్చుకుంటాడని మనకి తట్టలేదు చూశారా? మన బడ్జెట్ మీద పైసా భారం లేదు! దీనికి పేరు పెట్టండి!"

"శాతదానం అనుకున్నాం సార్."

"బ్రహ్మాండం! ఇది నా ఆలోచనేనా?"

"అవును సార్."

"నేనూ అదే అనుకుంటున్నాను."

ఇంకేముంది! విశాఖపట్నం నుంచి మూడు కార్లలో ఇంజనీర్లు వచ్చి యంత్రానికి రెండు మీటలు కొత్తగా బిగించారు. ఒకటి 'ఇచ్చుట', రెండోది 'పుచ్చుకొనుట'. బస్టాండులో షామియానా వేసి, భీముణ్ణి డోలీతో సహా వేదిక ఎక్కించి, దండ వేశారు. మొదట దండ డోలీ కర్రకి పడింది, రెండోసారి సరిగ్గా వేశారు. భీముడు 'ఇచ్చుట' నొక్కాడు. సోములమ్మ ఎడమచేత్తో 'పుచ్చుకొనుట' నొక్కింది. డప్పులు మోగాయి, థింసా ఆడారు. సీతామహాలక్ష్మిగారు వేదిక దిగి, నాతో సహా అందరూ వద్దంటున్నా ఆ వరసలో చెయ్యి కలిపి రెండు చుట్లు ఆడారు.

ఆయాసం తీరాక ఫారం పట్టుకుని భీముడి దగ్గరికొచ్చారు. "అయిదు శాతం ఇచ్చేశారు కదా, ఇప్పుడెలా ఉంది?"

భీముడు కాళ్లకేసి చూసుకున్నాడు. "తేడా ఏటీ తెలవట్నేదమ్మా."

ఆవిడ ఫారంలో "దుష్ప్రభావాలు లేవు" అని రాసుకున్నారు.

సోములమ్మ చీటీ తెచ్చి నాకిచ్చింది. "మీ శాతం 40. అభినందనలు. మీరు అర్హులు. ఎంత అన్నది త్వరలో తెలియజేయబడును."

"ఎంతంతంది బాబూ?"

"అభినందనలు అంటోందమ్మా."

"అది సరే. ఎంత?"

ఈ కొండజనంతో వచ్చిన చిక్కే ఇది. అభినందనలతో ఆగరు.

తరవాతి రెండు వారాలు నేను అన్నం తినడానికి కూడా కొట్టు దిగలేదు. మండలం నలుమూలల నుంచీ శాతాలు ఇచ్చుకునేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ వచ్చారు. తొంభై ఉన్న గుడ్డి తాత మనవరాలికి నలభై ఇచ్చాడు. ఇద్దరు అన్నదమ్ములు నీకంటే నీకని ఒకే ఆరు శాతాన్ని సాయంత్రం దాకా అటూ ఇటూ తిప్పి, చివరికి ఎవరి దగ్గరుందో తెలియక ఇద్దరూ నన్ను అడిగారు. ప్రతి తిప్పుడుకీ మూడు కాపీలు. నేను కొత్త జిరాక్సు మిషనుకి బయానా ఇచ్చాను.

సీతామహాలక్ష్మిగారు మాత్రం దిగులు పడ్డారు. అందరి శాతాలూ కంప్యూటర్లో గ్రాఫు గీసి చూసుకున్నారట. ఒకరికి తొంభై, ఒకరికి పన్నెండు! కొండలాంటి గ్రాఫు, లోయలాంటి గ్రాఫు! ఆ కాగితం చూసి మంత్రిగారు కూడా చలించిపోయారు.

"వైకల్యంలో కూడా ఇన్ని హెచ్చుతగ్గులా? ఒకడి దగ్గర అంత, ఇంకొకడి దగ్గర ఇంత! మా ప్రభుత్వం సమానత్వానికి కట్టుబడి ఉంది. మొత్తం కలిపెయ్యండి. అందరికీ సమానంగా పంచెయ్యండి. ఆ గిరిజనుల పద్ధతే కదా అది? మాంసం పంచుకుంటారని మీరే రాశారు!"

ఒక మధ్యాహ్నం వేళ కలిపేశారు. మండలంలో రెండువందల పన్నెండు మంది. ఒక్క మీట నొక్కితే అందరివీ ఒక కుప్ప అయ్యాయి, ఇంకో మీట నొక్కితే మళ్లీ పంచుకుపోయాయి. తలకి సరిగ్గా ముప్పై తొమ్మిది. ముక్క మిగల్లేదు, ముక్క తక్కువ కాలేదు. లెక్క అంత నిక్కచ్చిగా రావడం చూసి సీతామహాలక్ష్మిగారి కళ్లు చెమర్చాయి.

నలభై కావాలన్న సంగతి కాసేపటికి గాని ఎవరికీ గుర్తు రాలేదు.

గుర్తొచ్చినప్పుడు మంత్రిగారు ఏమాత్రం తొణకలేదు. విశాఖపట్నంలో విలేఖరుల్ని పిలిచారు. "పేదరికం పోగొట్టడానికి మన దేశానికి డెబ్బై ఏళ్లు చాలలేదు. వైకల్యం పోగొట్టడానికి మాకు ఒక మధ్యాహ్నం సరిపోయింది. అర్హుడన్నవాడు ఒక్కడూ లేని తొలి మండలం కొండపుట్టు!" అన్నారు. మా ఊరి పేరు పేపర్లో చూసుకోవడం అదే మొదటిసారి. పేజీ కత్తిరించి కొట్లో అంటించాను.

సోములమ్మ వచ్చి ఆ పేజీ ముందు నిలబడింది. ఏం రాశారని అడిగింది. చదివి వినిపించాను.

"అయితే బీముడన్నకీ రాదా?"

"ఎవరికీ రాదమ్మా."

"నా మూలానే పోనాది బాబూ. అన్నకి ఎనబై ఉండేవి. నానెల్లి అయిదు అడక్కపోతే ఆ డబ్బాకి ఈ పంపకం గొడవే తెలీదు." ఎడమచేత్తో చీటీ మడిచి నా బల్ల మీద పెట్టింది. "నా అయిదు నాను ఇచ్చెత్తాను. బేగి రాయి బాబూ, ఎల్లి ఆయమ్మకి ఇత్తాను."

రాసిచ్చాను. సీతామహాలక్ష్మిగారు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కంప్యూటర్ తిప్పి తెర చూపించారు. 'ఇచ్చుట' ఉంది. 'పుచ్చుకొనుట' ఉంది. 'తిరిగి ఇచ్చుట' లేదు. ఉంటే తప్పకుండా నొక్కేవారు, ఆవిడ మంచి మనిషి.

నిజం చెబుతున్నాను, ఆ సాయంత్రం మిషను తిరుగుతున్నా నాకు సంతోషం కలగలేదు. చీటీ చదివి "ఇంకో అయిదు తెచ్చుకోవాలమ్మా" అన్నది నేనే కదా అనిపించింది. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఇలాంటి ఆలోచన రావడం అదే మొదలు.

విజయోత్సవ సభకి మంత్రిగారు స్వయంగా వచ్చారు. సభ వాళ్ల కోసమే కాబట్టి రెండువందల పన్నెండు మందీ తప్పనిసరిగా రావాలన్నారు. ముప్పై ఏడు డోలీలు కొండ దిగాయి. పనసగుమ్మి నుంచి భీముడి డోలీకి ఒక మోతగాడు తక్కువైతే సోములమ్మ భుజం పెట్టింది. చెయ్యి పోయింది గానీ భుజం గట్టిదే.

"డోలీలో ఎవరమ్మా?" అని మంత్రిగారు ఆప్యాయంగా అడిగారు.

"బాగయిపోనోడండి," అన్నాడు మంగ్లు.

మంత్రిగారు పొంగిపోయి భీముడి చెయ్యి ఊపారు. ఇక యంత్రం మీట నొక్కితే తెర మీద 'అర్హులు: 0' అని పడాలి, బెలూన్లు ఎగరాలి. నొక్కారు. పడలేదు. మళ్లీ నొక్కారు. గుర్రుమంది. మూడోసారి మంత్రిగారు, ప్రజల సమయం వృథా అవుతోందన్న ఆవేదనతో, దాన్ని కాలితో ఒక్క తాపు తన్నారు.

బెలూన్లు ఎగిరాయి. మంత్రిగారు "అమ్మోయ్" అన్నారు.

కుడికాలి బొటనవేలు. సభకి వచ్చిన డాక్టరుగారు అక్కడికక్కడే కట్టు కట్టారు. కెమెరాలు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి మంత్రిగారు నొప్పిలోనే మైకు అందుకుని, "ఈరోజు నేనూ మీలో ఒకణ్ణయ్యాను! నాకూ సర్టిఫికెట్టు రాయండి!" అన్నారు. డాక్టరుగారు రాశారు: వాపు, ఒక శాతం, తాత్కాలికం. మూడు కాపీలు నేనే తీశాను.

సభ ముగిసిందనుకున్నాం. డోలీలు మాత్రం కదల్లేదు. అందరూ నేల మీద కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు. మంగ్లు లేచి వేదిక దగ్గరికొచ్చాడు.

"బాబూ, మా ఊరొచ్చి తమరికి దెబ్బ తగిలినాది. తమరి కాడ ఒకటే ఉన్నాదంట. నలబైకి సానా తక్కువ. మేం తలా ఒకటీ ఇచ్చుకుంతాం."

సీతామహాలక్ష్మిగారు కంగారుపడ్డారు. "మీకు ముప్పై ఎనిమిదే మిగులుతాయి కదయ్యా?"

"ముప్పై తొమ్మిదున్నా రాదు, ముప్పై ఎనిమిదున్నా రాదు గదమ్మా," అన్నాడు భీముడు డోలీలోంచి. "ఆయనకైనా పనికొత్తాయి."

వేళాకోళమేమోనని నేను వాళ్ల ముఖాలు వెతికాను. ఒక్కరూ నవ్వడం లేదు. దెబ్బ తగిలినవాడి కుప్పలో ముక్క తక్కువైంది, అంతే. రెండువందల పన్నెండు మందీ వరసకట్టి 'ఇచ్చుట' నొక్కారు. మంత్రిగారు ఒంటికాలి మీద నిలబడి 'పుచ్చుకొనుట' నొక్కి, "ప్రజల బాధనంతా నా మీద వేసుకుంటున్నాను!" అని గద్గదస్వరంతో అన్నారు. చాలామంది పార్టీ కార్యకర్తలు ఏడ్చారు. చీటీ వచ్చింది.

"మీ శాతం 213. మీరు అత్యున్నత తరగతిలో అర్హులు. ఒకటవ తేదీన ఇంటి వద్దనే అందజేయబడును."

త్వరలో అనలేదు. ఆ ముక్క నేనొక్కణ్ణే గమనించాను.

కొండగాలికి వాపు తగ్గుతుందని మంత్రిగారు అరకు గెస్టుహౌసులో ఉండిపోయారు. ఒకటో తారీకు పొద్దున్నే ఆయన ఆధార్ కాపీలు మూడు తీసుకుని నేను వెళ్లాను. ఒకే జీపులో సోములమ్మ కూడా వచ్చింది. అయిదూ భీముడికి తిప్పే ఉపాయం మంత్రిగారికే తెలుస్తుందని ఆమె నమ్మకం. మేం గుమ్మం దగ్గర నిలబడి ఉండగా మా గ్రామ సచివాలయం ఉద్యోగిని మాధవి పింఛను డబ్బుల సంచీతో వచ్చింది, ఫోను తీసింది, మంత్రిగారి వేలిముద్ర పెట్టించింది. జాబితాలో మండలం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క పేరే కాబట్టి ఆమెకి ఆ నెల పని తొందరగా అయిపోయింది.

తరవాత నోట్లు లెక్కపెట్టింది. అయిదువందల నోట్లు. సోములమ్మ గుమ్మంలోంచి పెదాలు కదుపుతూ తనూ లెక్కపెట్టింది. ముప్పై.

"పదిహేనేలా?" అంది మాధవితో.

"అవును పిన్నీ."

మంత్రిగారు దిండు మీద కాలు పెట్టుకుని ఆమెకేసి ప్రసన్నంగా చూశారు. "చూశావా అమ్మా! ఎంత వస్తుందో నీకిప్పుడు తెలిసిందా లేదా?"

"తెలిసినాది బాబూ."

"అదీ! అదే మా ప్రభుత్వ లక్ష్యం," అన్నారు. వెంటనే పీఏని పిలిచి, కొండపుట్టులో అవగాహన పూర్తయిందని పత్రికలకి చెప్పించారు. భీముడి అయిదు సంగతి ఎత్తే లోపల ఆయనకి కాపడం వేళయింది.

మర్నాడు సంత. షావుకారు భాస్కరరావు కాగితం రాయించుకుని నా కొట్టుకే తీసుకొచ్చాడు, మూడేళ్ల పంట. మూడు కాపీలు తీశాను. నాకు వాటి డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు, తీసుకోలేదు. సంతకొచ్చిన పనసగుమ్మివాళ్లు సోములమ్మ చుట్టూ మూగారు. భీముడి డోలీ కూడా దించారు.

"మంత్రిగారి కాడికి ఎల్లినావంట గదా సెల్లీ? తెలిసినాదా?"

"తెలిసినాది అన్నా."

"ఎంతొత్తాదంట?"

"పదిహేనేలు."

భీముడి ముఖం వెలిగింది. "నిజమేనా! దేనికి?"

సోములమ్మ సిరా డబ్బాలో ఎడమచేతి బొటనవేలు అద్దింది.

"కాలి బొటనేలికి," అని చెప్పి, కాగితం మీద నొక్కింది.